ఆటల చానెల్ పడిన రోజు

మా తమ్ముణ్ణి రేవులో అందరూ కొక్కెం అంటారు. అసలు పేరుతో పిలిస్తే వాడే పలకడు, ఇంకెవరినో అనుకుంటాడు. ఓడలోంచి ఇల్లంత ఇనప పెట్టెలు ఎత్తి లారీల మీద దించే పెద్ద క్రేను నడపడం వాడి పని. ఆ క్రేను నెత్తిమీద అద్దాల గది ఒకటి ఉంటుంది. అందులో కాళ్ళకింద కూడా అద్దమే. పొద్దున ఇనప మెట్లెక్కి ఆ గదిలో కూర్చున్నాడంటే అన్నం వేళ దాకా నేలమీద కాలు పెట్టడానికి లేదు. వంగి కిందికి చూసీ చూసీ మెడ వంకరపోయింది, అందుకే ఆ పేరు వచ్చిందని కొందరంటారు. పట్టుకున్నది వదలడు కనక వచ్చిందని నేనంటాను.

మా మరదలు కూడా ఆ క్రేను కిందే పనిచేసేది. పైనున్నవాడికి పెట్టె అవతలి వైపు ఏముందో కనపడదు. చేతిలో వైర్‌లెస్ సెట్టు పట్టుకుని కింద నిలబడి అది చెప్పడం ఆవిడ ఉద్యోగం. "ఎడమకి. ఇంకాస్త. చాలు. దించు, మెల్లగా దించు, లోపల కోడిగుడ్లున్నాయనుకో." వాడు కాస్త ఆలస్యం చేస్తే, "పైనున్నాయనా, నిద్రా, తపస్సా?" అనేది. ఆ మాటకి కిందున్న లారీ డ్రైవర్లందరూ నవ్వేవాళ్ళట. మా వాడు ముందు ఆ గొంతుని ఇష్టపడ్డాడు, మొహం తర్వాత చూశాడు. మొహం చూశాక నిరాశ పడ్డావా అని నేనడిగితే, "అంత పైనుంచి మొహమెక్కడ కనపడుతుందే, పాపిడి ఒక్కటే కనపడేది" అన్నాడు.

పెళ్ళయ్యాక ఇంట్లో కూడా వాణ్ణి అలాగే నడిపించింది. "కంచం కుడికి జరుపు. ఇంకాస్త. చాలు." ఇంత నోరున్న ఆడది మా వంశంలో నేను తప్ప ఇంకొకత్తి లేదు. అందుకే ఇద్దరికీ పడేది కాదు. పడకపోయినా ఒకళ్ళ గుమ్మం ఒకళ్ళు తొక్కని రోజు లేదు.

అటువంటి మనిషి ఓ పొద్దున స్నానాల గదిలో పడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. నోరు ఓ పక్కకి వంగింది. ప్రాణం దక్కిందిగాని మాట పోయింది. "అన్నీ అర్థమవుతాయమ్మా, లోపల మాటలన్నీ అలాగే ఉన్నాయి. బయటికి రావు, అంతే" అన్నాడు డాక్టరు. అంతే అంట! నోరు తెరిస్తే "బా బా" అని వస్తుంది. అది తన చెవిన పడగానే తనే నోరు మూసుకుంటుంది. ఇంటికి తీసుకొచ్చిన రోజే అద్దం తీయించేసింది. రేవు నుంచి పాత స్నేహితులు చూడటానికొస్తే ఎడమచేత్తో తలుపు వైపు చూపించి పంపించెయ్యమంది. రేవులో ఎవరైనా అడిగితే, పని మానేసి విశ్రాంతి తీసుకుంటోందని చెప్పమని మా వాడి చేత ఒట్టు వేయించుకుంది. మాట లేకుండా ఒట్టు ఎలా వేయించుకుందంటారేమో. వాడి చెయ్యి లాక్కుని తన నెత్తిమీద పెట్టుకుంది.

వాడు మళ్ళీ క్రేను ఎక్కక తప్పలేదు. నేను వాళ్ళ వెనక వీధిలోనే ఉంటాను. పొద్దున వెళ్ళి ముఖం కడిగి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, టీవీ పెట్టి వచ్చేదాన్ని. మధ్యాహ్నం వెళ్ళి తినిపించేదాన్ని. ఆ రెంటి నడుమ ఆవిడ ఒక్కతే. ఫోను చేస్తే మాట్లాడలేదు. పైన అద్దాల గదిలో కూర్చున్నవాడికి కింద ప్రతి పెట్టెలోనూ పెళ్ళామే కనపడేదట.

కెమెరా తెచ్చి గోడకి పెట్టాడు. వాడలా గుమ్మం దాటాడో లేదో, ఆవిడ చేతికర్రతో కొట్టి దాన్ని ముక్కలు చేసింది. రెండోది తెచ్చాడు, దానికీ అదే గతి. ఆ వంకర మూతిని రోజంతా ఎవరో చూస్తూ ఉండటం ఆవిడ వల్ల కాదు. మొగుడైనా సరే.

అప్పుడు టీవీలు బాగుచేసే షాపాయన ఓ నల్ల పెట్టె చూపించాడు. అన్నం డబ్బా అంత ఉంటుంది.

"ఇది కెమెరా కాదు కదా?" అన్నాడు మా వాడు.

"కాదు మహానుభావా. నీ ఇంటి టీవీలో ఏ బొమ్మ పడుతుందో అదే నీ ఫోనులో పడుతుంది. నువ్వు సముద్రం మధ్యలో ఉన్నా సరే. మనుషులెవరూ కనపడరు."

"చానెల్ ఎవరు మార్చాలి?"

"ఎవరైనా. ఇంట్లో ఆవిడ రిమోట్‌తో మారుస్తుంది, నువ్వు అక్కణ్ణుంచి ఫోనుతో మారుస్తావు. ఉన్నది ఒకటే టీవీ కనక ఇద్దరూ ఒకటే చూడాలి. ఇక మీరూ మీరూ కొట్టుకు చావండి."

ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మర్నాడు నేను ఆవిడకి జావ పడుతుంటే సీరియల్ ఠక్కున పోయి వార్తలొచ్చాయి. రిమోట్ బల్లమీద ఉంది. ఆవిడ చెయ్యి ఒళ్ళో ఉంది. ఆవిడ రిమోట్ అందుకుని సీరియల్ పెట్టింది. మళ్ళీ వార్తలు. మళ్ళీ సీరియల్. నేను గిన్నె కింద పడేసి, "ఓసి నీ ఇల్లు బంగారంగానూ, టీవీకి దయ్యం పట్టిందే!" అని కేక పెట్టాను. ఆవిడ నవ్వింది. సగం నోటితోనే అయినా, ఒళ్ళు కదిలిపోయేలా నవ్వింది. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు. నేల తుడుచుకుంటూ ఆ దయ్యాన్ని నేను బండబూతులు తిట్టాను. ఆ దయ్యం తోడబుట్టినవాడని తర్వాత తెలిసింది. తిట్లు వెనక్కి తీసుకోలేదు.

అలా మొదలైన కొట్లాటే వాళ్ళకి భాష అయింది. వంటల చానెల్ పెడితే తిన్నానని. పాత పాటలు పెడితే మనసు బాగుందని. వార్తలంటే విశేషం లేదని. ఆటల చానెల్ అంటే ఆవిడకి మొదట్నించీ మంట. బంతి వెనక మగాళ్ళు పరిగెత్తుతుంటే చూడటానికి నేనే దొరికానా అనేది, నోరున్న రోజుల్లో. అందుకని దాన్ని ఆపదకి ఉంచుకున్నారు. ఆటల చానెల్ వచ్చి కదలకుండా ఉండిపోయిందంటే ఏదో జరిగిందని. అప్పుడు వాడు పైనుంచి నాకు ఫోను చేసేవాడు, నేను పరిగెత్తేదాన్ని. ఒకసారి కుర్చీలోంచి జారి నేలమీద ఉంది. ఇంకోసారి ఒంటేలు ఆపుకోలేక ఏడుస్తోంది. ఆ చానెల్ లేకపోతే ఎంతసేపు అలా ఉండేదో.

క్రేను గదిలో ఫోను చూడకూడదని రేవులో నియమం. వాడు దాన్ని మీటల పక్కన తగిలించుకుని, కొక్కెం ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం చూసేవాడు. దాంతో మనిషి కుదుటపడ్డాడు. కాస్త తిన్నాడు, కాస్త పడుకున్నాడు.

అంతలో ఒకరోజు ఫోనులో బొమ్మ మీద అక్షరాలు పడ్డాయి. ఫలానా తేదీతో ఈ సేవ ముగుస్తుంది, ఇన్నాళ్ళూ ఆదరించినందుకు కృతజ్ఞతలు అని. వాడు ఆ షాపాయన దగ్గరికి పరిగెత్తాడు.

"పెట్టె బాగానే ఉంది కదండీ, ఎందుకాగిపోతుంది?"

"నీ ఇంటి బొమ్మ నేరుగా నీ ఫోనుకి రాదయ్యా. ఏ దేశంలోనో ఉన్న కంపెనీ కంప్యూటర్ దాకా వెళ్ళి అక్కణ్ణుంచి నీ దగ్గరికొస్తుంది. వాళ్ళు దుకాణం కట్టేస్తున్నారు. ఇక ఈ పెట్టె మీద పూలకుండీ పెట్టుకో."

"ఒక్క నా పెట్టెకి ఉంచమంటే ఉంచరా?"

షాపాయన నవ్వబోయి, వాడి మొహం చూసి ఊరుకున్నాడట.

వాడు కంపెనీకి రాయించాడు. మా ఆవిడకి మాట లేదు, దయచేసి ఒక్కటి ఉంచండి అని. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని జవాబొచ్చింది. అది మనిషి రాసింది కాదట, మిషన్ రాసిందట. ఆ జవాబునే వాడు వీధిలో పదిమందికి చూపించి, "ఎంతో విలువైనదన్నారుగా, ఉంచుతారేమో?" అని అడిగేవాడు. నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించేది, పట్టుకుని ఏడవాలనీ అనిపించేది.

నొక్కితే మోగే గంట తెచ్చాడు. ఆవిడ పక్కకి ఒరిగినప్పుడల్లా అది మోగి వీధంతా పరిగెత్తుకొచ్చేది. ఆవిడ దాన్ని కిటికీలోంచి విసిరేసింది. ఒక నర్సుని మాట్లాడాడు. ఆ పిల్ల ఉన్నంతసేపూ ఆవిడ పళ్ళు బిగించి కూర్చుంది, నీళ్ళు కూడా తాగలేదు. వాడు వెళ్ళి రేవు ఆఫీసరు కాళ్ళావేళ్ళా పడ్డాడు, నాకు కింద పని ఇవ్వండి, మధ్యమధ్య ఇంటికి వెళ్ళొస్తానని. "కింద పనికి రోడ్డు మీద ఎంతమందైనా దొరుకుతారు, ఆ మీట పట్టేవాణ్ణి నేనెక్కణ్ణుంచి తేను?" అన్నాడాయన.

చివరికి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ఒక్క కెమెరా పెట్టనీవే. నీ మొహం పడకుండా కాళ్ళ వైపు పెడతాను. కాళ్ళు కదిలితే చాలు నాకు." ఆవిడ తల పక్కకి తిప్పేసుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "పంతానికో హద్దుండాలే! వాడక్కడ గాల్లో చస్తున్నాడు. నీ మూతి వంకరని మాకు తెలీదా? నా మూతి పుట్టినప్పట్నించీ వంకరే, నేనేం తలుపులేసుకు కూర్చున్నానా?" అన్నాను. ఆవిడ కంట్లో నీళ్ళు తిరిగాయి గాని తల ఇటు తిప్పలేదు. రేవులో ప్రతివాడి చెవిలోనూ ఒకప్పుడు తన గొంతుండేది. ఆ గొంతు తలుచుకునేవాళ్ళ ముందు ఈ మొహం పెట్టడం చావుతో సమానం ఆవిడకి. మొగుడి ముందు మరీను.

ఆఖరి రోజు వచ్చింది. పనికి వెళ్తూ, "రాత్రి దాకా పనిచేస్తుందిలే, ఇవాళ్టికి ఫరవాలేదు. రేపటి సంగతి రేపు చూద్దాం" అని ఆవిడ భుజం తట్టి వెళ్ళాడు. కంపెనీ ఉన్న దేశంలో రాత్రయితే మనకి పగలని వాడికి తోచలేదు. నాకూ తోచలేదు. షాపాయన చెప్పాల్సింది, ఆయనకీ తోచలేదు.

ఆ పొద్దున నేను కళ్ళ డాక్టరు దగ్గరున్నాను. కళ్ళలో మందు చుక్కలేసి బల్లమీద కూర్చోబెట్టారు, ఫోను ఆపేసి సంచిలో పెట్టమన్నారు. రేవులో జరిగింది తర్వాత వాడు చెప్పిందే రాస్తున్నాను.

పెట్టె ఒకటి తగిలించే వరకు కొక్కెం ఖాళీగా ఉంది. వాడు ఫోను వైపు చూశాడు. ఆటల చానెల్. మళ్ళీ మారుతుందిలే అనుకుని పెట్టె ఎత్తాడు. నియమం పక్కన పెట్టి మధ్యలో ఇంకోసారి చూశాడు. ఆటల చానెలే. ఎర్ర చొక్కావాడు కాలు పైకెత్తి ఉన్నాడు, బంతి గాల్లో ఉంది. చుట్టూ ఇనుమున్న చోట బొమ్మ అప్పుడప్పుడు బిగుసుకుపోవడం మామూలే, దానికి వాడేమీ అనుకోలేదు. ఆటల చానెల్ వచ్చింది, కదలడం లేదు. అదొక్కటే బుర్రలో ఉంది. నాకు ఫోను చేశాడు. పలకలేదు. మళ్ళీ చేశాడు. పాటల చానెల్ నొక్కాడు. మారలేదు. ఇంకేదో నొక్కాడు. మారలేదు. తను పిలుస్తుంటే పెళ్ళాం పలకడం లేదు, పలకలేని స్థితిలో ఉంది అనుకున్నాడు.

పెట్టె అప్పుడు లారీకి సరిగ్గా పైన, సగం ఎత్తులో వేలాడుతోంది. దించడానికి ఎంతో సేపు పట్టదు. కాని ఏ మీట దేనికో బుర్రకి అందలేదట. ఎటు లాగితే ఎవడి మీద పడుతుందోనని భయం వేసిందట. బ్రేకు బిగించాడు, తాళంచెవి లాగి జేబులో వేసుకున్నాడు, మెట్లు దిగేశాడు.

"ఒరేయ్ కొక్కెం! బరువు గాల్లో ఉందిరా! ఎక్కడికి పోతున్నావురా!" అని మేస్త్రి అరుస్తున్నాడు. లారీ డ్రైవరు తలుపు తీసి దూకేశాడు. మా వాడు వెనక్కి తిరిగి చూడలేదు.

కంటి మందుతో అంతా మసగ్గా కనపడుతుండగా తిరుగుదారిలో నేను వాళ్ళ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వాడు తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయాసంతో గొంతులోంచి ఈల వస్తోంది. లోపల మా మరదలు కుర్చీలో నిక్షేపంలా కూర్చుని వార్తలు చూస్తోంది. ఏమీ కాలేదు. ఏదో చానెల్‌కి వెళ్తూ దారిలో ఆటల చానెల్ దాటిందంతే, అది దాటుతున్న క్షణంలోనే కంపెనీవాళ్ళు ఎక్కడో మీట నొక్కేశారు. ఇంట్లో టీవీకి ఏ లోటూ లేదు. ఆ నల్ల పెట్టె చచ్చిపోయిందని కూడా ఆవిడకి తెలీదు.

వాడు నేలమీద కూలబడి ఆవిడ మోకాలి మీద తల పెట్టాడు. ఆవిడ ఒక్క క్షణం వాడి జుట్టు మీద చెయ్యి వేసింది. అంతలో గడియారం వైపు చూసింది. వాడి ఒంటిమీద పని చొక్కా చూసింది. గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. ఎడమ చెయ్యి గాల్లోకి లేపి, వేళ్ళు వంచి కొక్కెంలా చేసి ఊపింది. బరువేదీ?

వాడు తల దించేసుకున్నాడు. ఆవిడ మళ్ళీ ఊపింది.

"గాల్లో ఉంది" అన్నాడు.

మా మరదలి కళ్ళు అలా కావడం నేనెప్పుడూ చూడలేదు. ఇల్లంత బరువు కింద నిలబడి బతికిన మనిషి. వేలాడే బరువు ఏం చేస్తుందో తెలిసిన మనిషి. రిమోట్ తీసి వాడి ఛాతీ మీద కొట్టింది. చెయ్యి గుమ్మం వైపు చాపింది. "బా!" అంది. జబ్బు చేశాక మొదటిసారి సిగ్గుపడకుండా గట్టిగా అంది. వాడు లేచి మళ్ళీ పరిగెత్తాడు.

రేవులో లారీ అలాగే ఉంది, జనం దూరంగా జరిగి నిలబడ్డారు. గాలికి పెట్టె ఊగుతోంది. తాళంచెవి వాడి జేబులో ఉంది కనక ఇంకెవరూ ఏమీ చెయ్యలేకపోయారు. వాడెక్కాడు. ఊపు తగ్గేదాకా ఆగి, ఆ పెట్టెని లారీ మీద ఇంత చప్పుడైనా లేకుండా దించాడు. దిగి వచ్చేసరికి ఆఫీసరు మెట్ల దగ్గర చెయ్యి చాపి ఉన్నాడు. వాడు తాళంచెవి ఇచ్చేశాడు.

తర్వాత విచారణ అన్నారు. బల్ల వెనక ఆఫీసరు, ఆయన పక్కన ఇంకెవరో పెద్దమనుషులు.

"ఎందుకు దిగావు?"

"ఆటల చానెల్ పడింది సార్" అన్నాడు మా తెలివైనవాడు.

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "ఏంటి? మ్యాచ్ చూడటానికి దిగావా?"

కాదు అనాలంటే ఇంట్లో సంగతి చెప్పాలి. ఆవిడ ఎలా ఉందో చెప్పాలి. వాడి చెయ్యి ఆవిడ నెత్తిమీద పెట్టించుకుంది కదా. వాడు కాసేపు కాళ్ళ వైపు చూసి, "అవును సార్" అన్నాడు. అదే రాసుకున్నారు. కింద వాడి చేత సంతకం పెట్టించారు.

ఈ ముక్క నాకు కూరగాయల బజార్లో రేవు కాపలావాడి పెళ్ళాం చెప్పింది, "మీ తమ్ముడికి మ్యాచ్‌ల పిచ్చి అంత ముదిరిందా వదినా?" అని పళ్ళికిలిస్తూ. సంచి అక్కడే వదిలేసి వాడింటికి వెళ్ళాను.

"మనుషుల నెత్తిమీద బరువొదిలి మ్యాచ్ చూడటానికి పోయానని సంతకం పెట్టొచ్చావట్రా, గాడిదా?"

"అక్కా, మెల్లగా..." అని వాడు లోపలి గది వైపు చూశాడు. ఆలస్యమైంది. మా మరదలికి పోయింది మాట, చెవులు కాదు.

చేతికర్రతో నేలమీద కొట్టింది. నేను వెళ్తే గోడకున్న మంచి చీర వైపు చూపించింది. తర్వాత వీధి వైపు.

"ఎక్కడికే?"

మళ్ళీ వీధి వైపే చూపించింది. వాడు వద్దని బతిమాలాడు, అడ్డం నిలబడ్డాడు. ఆవిడ చక్రాల కుర్చీతో వాడి కాలివేళ్ళు తొక్కించింది.

ముగ్గురం రేవు గేటు దాటగానే అందరూ ఆవిణ్ణి గుర్తుపట్టారు. పలకరించబోయి, మొహం చూసి మాట మింగారు. లారీ డ్రైవరు ఒకడు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆఫీసరు ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా, నువ్వా? చెప్పమ్మా."

ఆవిడ నోరు తెరిచింది. "బా... బా..." ఆఫీసరు నా వైపు చూశాడు.

"ఇదిగో, ఈ మ్యాచ్ చూడటానికే దిగాడయ్యా నా తమ్ముడు" అన్నాను నేను ఆవిణ్ణి చూపిస్తూ. ఆ నల్ల పెట్టె సంగతి, చానెళ్ళ సంగతి మొత్తం చెప్పాను. వాడు నా చెయ్యి లాగుతూనే ఉన్నాడు.

ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఈ మాట ఆ రోజే చెప్పొచ్చు కదయ్యా?"

"చెప్పకూడదు సార్."

ఆయన విచారణ కాయితం తీసి ఒకసారి చదువుకున్నాడు. తర్వాత, "మ్యాచ్ అన్న మాట కొట్టించేస్తానమ్మా. అది నా పూచీ. కాని బరువు గాల్లో వదిలి దిగిన మనిషిని మళ్ళీ క్రేను ఎక్కించలేను. కారణం ఏదైనా సరే. అది నీకు నేను చెప్పాలా?" అన్నాడు.

మా వాడు ఆవిడ వైపు చూశాడు. ఆవిడైనా కాదంటుందని, బల్లమీద కర్రతో కొడుతుందని ఆశపడ్డాడు పాపం. నేనూ ఆశపడ్డాను. ఆవిడ ఆఫీసరునే చూస్తూ తల ఊపింది. అవును, ఎక్కించకూడదు అని. కళ్ళలోంచి ధారగా కారుతోంది, తల మాత్రం ఊపింది.

కింద పని ఏదైనా ఉంటే కబురు చేస్తామన్నారు. కబురు ఇంతవరకు రాలేదు.

ఆ రోజు ఇంటికి తిరిగొస్తుంటే రేవు రోడ్డు మీద లారీలు చేసిన గుంటలో కుర్చీ చక్రం దిగబడింది. మా వాడు తోశాడు, కదల్లేదు. ఇంకోసారి తోసి, ఉన్నట్టుండి రోడ్డు మధ్యలో చేతులు జారవిడిచి నిలబడిపోయాడు. చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. "నాకు ఇంకే పనీ రాదక్కా. ఏం చెయ్యాలో తెలీట్లేదే. నేనేం చెయ్యనే?"

వెనకనించి లారీలవాళ్ళు హారన్లు కొడుతున్నారు. ఎండ మాడ్చేస్తోంది. "ఇంటికెళ్ళి ఏడుద్దువుగాని, ముందు ఆ పక్క పట్టుకోరా" అని నేను ఈ పక్క చక్రం పట్టుకున్నాను.